అమరనాథ్ కొండబాట: మీ స్వెట్టరు మీ వీపు మీదే ఉండాలి!

అమరనాథుడి మంచులింగాన్ని జీవితంలో ఒక్కసారైనా చూసి రావాలని ఎవరికి ఉండదు చెప్పండి? మన వైపు నుంచి ఏటా ఎంతోమంది బయలుదేరుతున్నారు. వాళ్ళలో మనలాంటి నలభై దాటిన ఇల్లాళ్ళు కూడా బాగానే ఉంటున్నారు. పిల్లలు ఒక దారిన పడ్డారు, ఇన్నాళ్ళకి కాస్త తీరిక దొరికింది, ఒంట్లో ఓపిక ఉండగానే వెళ్ళొద్దాం అనుకునేవాళ్ళే ఎక్కువ. మంచి ఆలోచనే! అయితే ప్రయాణం ఖాయమవగానే మనం చేసే మొదటి పని ఏమిటి? అటక మీది పెద్ద సూట్‌కేసు దించి దుమ్ము దులపడం. చీరెలు అరడజను, జాకెట్లు, లంగాలు, పులిహోర పొట్లాం, ఆవకాయ సీసా... కాశీకో, షిర్డీకో వెళ్ళినట్టు సర్దేస్తాం.

ఇక్కడే ఒక్క నిమిషం ఆగాలి. కాశీలో రైలు దిగితే రిక్షా దొరుకుతుంది, గదిలో మంచం దొరుకుతుంది. అమరనాథ్ అలా కాదు. పహల్గాం నుంచి చందన్‌వాడీ దాకా 16 కిలోమీటర్లు బండి మీద వెళ్ళినా, ఆ తర్వాత గుహ దాకా సుమారు 32 కిలోమీటర్లు కొండబాట. కాళ్ళనైనా నమ్ముకోవాలి, గుర్రాన్నయినా నమ్ముకోవాలి. రాత్రిళ్ళు గుడారాల్లో పడక. గుహ ఉన్న ఎత్తు 3,888 మీటర్లు, అంటే దాదాపు 12,750 అడుగులు. దారిలో వచ్చే మహాగుణాస్ కనుమ ఇంకా ఎత్తు, సుమారు 14 వేల అడుగులు. మన తిరుమల కొండ 3 వేల అడుగుల లోపే కదా, దీన్ని బట్టి మీరే ఊహించుకోండి!

బాల్తాల్ వైపు నుంచి దారి 14 కిలోమీటర్లే. దగ్గరే కానీ బాగా నిటారు. పహల్గాం దారి పొడవు ఎక్కువైనా ఎక్కడం కాస్త నిదానంగా సాగుతుంది. ఏ దారిన వెళ్ళినా సంచి సర్దుకోవడంలో మాత్రం తేడా లేదు.

1996 నేర్పిన పాఠం

ఆ సంవత్సరం ఆగస్టు నెలలో ఏం జరిగిందో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. యాత్ర దారిలో వేలాది మంది ఉండగా ఉన్నట్టుండి వాన, ఆపైన మంచు తుఫాను విరుచుకుపడ్డాయి. 240 మందికి పైగా యాత్రికులు చనిపోయారు. చలికి తట్టుకోలేక, తడిసిన బట్టల్లో బిగుసుకుపోయి ప్రాణాలు వదిలినవాళ్ళు ఎందరో. ఆ తర్వాత ప్రభుత్వం నితీశ్ సేన్‌గుప్తా కమిటీని వేసింది. యాత్రికుల సంఖ్యకి, వయసుకి, ఆరోగ్యానికి నిబంధనలు వచ్చాయి. ఇప్పుడు దేవస్థానం బోర్డు ఉంది, పేరు నమోదు ఉంది, మెడలో వేసుకునే కార్డు ఉంది, డాక్టరు సర్టిఫికెట్ లేనిదే పైకి పంపరు. 13 ఏళ్ళ లోపు పిల్లల్ని, 70 దాటినవాళ్ళని, ఆరు వారాలు దాటిన గర్భిణుల్ని అనుమతించరు.

ఇవన్నీ బోర్డువారు చూసుకునేవి. మన ఒంటి మీద ఏముందో, మన సంచిలో ఏముందో చూసుకోవాల్సింది మాత్రం మనమే. జులై, ఆగస్టు కదా, చలేముంటుంది అనుకోకండి. ఎండ కాస్తూ ఉండగానే మబ్బు కమ్ముతుంది, అరగంటలో వాన, ఆ వెనకే మంచు. ఉష్ణోగ్రత ఉన్నట్టుండి 5 డిగ్రీల కంటే కిందికి పడిపోవచ్చు.

చీరె వద్దు, నిజంగా వద్దు

ఈ మాట అంటే కోపం వస్తుందేమో కానీ దేవస్థానం బోర్డు కూడా ఈ యాత్రకి చీరె తగిన దుస్తు కాదని చెబుతోంది. ఆరు గజాల నూలు చీరె తడిస్తే ఎంత బరువో, బట్టలు పిండే మనకి ఒకరు చెప్పాలా? నూలు బట్ట నీళ్ళు పీల్చుకుంటుంది, తొందరగా ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. పైగా కుచ్చెళ్ళు కాళ్ళకి అడ్డం పడతాయి, గుర్రమెక్కితే అంచు రికాబులో చిక్కుకుంటుంది. సల్వార్ కమీజో, ట్రాక్ సూటో వేసుకోండి. "ఈ వయసులో ప్యాంటేమిటి, నలుగురూ ఏమనుకుంటారు" అని వెనకాడకండి. అక్కడ నలుగురూ తమ ఊపిరి తాము చూసుకునే పనిలో ఉంటారు, మీ వంక చూసే తీరిక ఎవరికీ ఉండదు! దర్శనానికి చీరె కట్టుకోవాలని మనసైతే ఒక పల్చటి సింథటిక్ చీరె పెట్టుకుని, కిందికి దిగాక గుళ్ళో కట్టుకోండి.

బట్టలు ఉల్లిపాయ పొరల్లా ఉండాలి. ఒక్క లావుపాటి కోటు కంటే మూడు పొరలు మేలు.

మొదటి పొర: ఒంటికి అంటి ఉండే థర్మల్ లోదుస్తులు, పైకీ కిందికీ. రెండు జతలు. ఒకటి నడకకి, ఒకటి రాత్రి పడుకునేటప్పుడు. రాత్రి జతని ఏం జరిగినా పగలు వేసుకోకూడదు. అది పొడిగా ఉంటేనే రాత్రి నిద్ర.

రెండో పొర: ఉన్ని స్వెట్టరు. ఉన్ని కాస్త తడిసినా వెచ్చదనం ఇస్తుంది, నూలు ఇవ్వదు. నూలు శాలువా, టవలు కప్పుకుంటే చాలనుకోకండి.

మూడో పొర: గాలిని, వానని ఆపే జాకెట్టు, దాని మీద రెయిన్‌కోటు. రెయిన్‌కోటుకి ప్యాంటు కూడా ఉండాలి. చిన్న పిల్లల స్కూలు రెయిన్‌కోటులాగా మోకాళ్ళ దాకా ఉండేది పనికిరాదు. సంచి తగిలించుకున్నా పట్టేటంత వదులుగా కొనండి.

ఎక్కేటప్పుడు చెమట పడుతుంది. అప్పుడు స్వెట్టరు విప్పి సంచిలో పెట్టండి. ఆగగానే, చలి తెలియక ముందే మళ్ళీ వేసుకోండి. చెమటతో తడిసిన బట్ట వానకి తడిసిన బట్టతో సమానం.

ఇవి కాక మంకీ క్యాప్, ఉన్ని చేతి తొడుగులు రెండు జతలు, ఉన్ని మేజోళ్ళు నాలుగు జతలు. చున్నీ ఉంటే భుజం మీంచి నడుముకి అడ్డంగా ముడేయండి, వేలాడనివ్వకండి. ఉంగరాలు ఇంట్లోనే తీసేసి వెళ్ళండి. ఎత్తుకి, నడకకి వేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోతుంది. మంగళసూత్రం లోపలికి వేసుకోండి, మిగతా బంగారం బీరువాలోనే ఉండనివ్వండి.

బూట్లు నెల ముందే కొనాలి

అన్నిటికంటే ముందు కొనాల్సినవి, అన్నిటికంటే ఆఖర్న మనం కొనేవి బూట్లే! మడమని పట్టి ఉంచేవి, అడుగున గట్టి గాళ్ళు ఉన్నవి, నీళ్ళు దిగనివి చూడండి. కొట్టుకి సాయంత్రం పూట వెళ్ళండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. మందపాటి మేజోళ్ళు తొడుక్కుని మరీ సైజు చూసుకోండి. బూటులో వేళ్ళు కదలాలి, మడమ మాత్రం జారకూడదు. దిగేటప్పుడు బొటనవేలు వెళ్ళి ముందు గోడకి కొట్టుకుంటే గోరు నల్లబడి ఊడిపోతుంది. అందుకే బయలుదేరే రెండు రోజుల ముందు కాలి గోళ్ళు పొట్టిగా తీసుకోండి.

కొత్త బూట్లతో కొండెక్కడం అంటే పొక్కుల్ని పిలిచి పీట వేయడమే. నెల రోజులు రోజూ నాలుగైదు కిలోమీటర్లు ఆ బూట్లతోనే నడవండి. ఆఖరి రెండు వారాలు సంచి కూడా తగిలించుకుని నడవండి. వీధిలో అందరూ చూసి నవ్వితే నవ్వనివ్వండి. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు ఎక్కి రావడం కాళ్ళకి మంచి సాధనే కానీ, అక్కడ మనం చెప్పుల్లేకుండా ఎక్కుతాం కనుక బూట్ల అలవాటుకి అది లెక్కలోకి రాదు. పల్చటి గాలికి కూడా అది సాధన కాదు.

నడుస్తుండగా పాదంలో ఎక్కడైనా చురుక్కుమంటే "పైకి వెళ్ళాక చూద్దాంలే" అనుకోవద్దు. అక్కడే కూర్చుని బూటు విప్పి, పొక్కు రాకముందే ప్లాస్టరు అంటించండి. చేతికర్ర తప్పనిసరి. దిగేటప్పుడు మోకాళ్ళని కాపాడేది అదే.

ఏ సంచి ఎవరి దగ్గర?

అసలు సంగతికి వచ్చాను. మన ఇళ్ళల్లో సర్దుడు ఎలా ఉంటుంది? అందరి స్వెట్టర్లు ఒక సంచిలో, అందరి మందులు ఒక డబ్బాలో, తిండి అంతా ఇంకో సంచిలో. ఆ సంచులన్నీ ఎక్కడున్నాయో ఒక్క ఇల్లాలికే తెలుసు! రైల్లో ఇది బాగానే సాగుతుంది, కొండ మీద సాగదు.

2023 జులైలో మేం నలుగురం వెళ్ళాం. నేనూ మావారూ, మా ఆడపడుచూ ఆవిడ భర్తా. మా వదిన గారిది గుర్రం ప్రయాణం. సామాను గుర్రం వేరు, మనిషి గుర్రం వేరు. చందన్‌వాడీలో ఎక్కేటప్పుడు ఎండ కాస్తోంది కదా అని ఆవిడ స్వెట్టరు, రెయిన్‌కోటు సామాను సంచిలో పెట్టేసింది. పిస్సూ టాప్ దాటాక వాన పట్టుకుంది. సామాను గుర్రం అప్పటికే ఎంతో ముందుకి వెళ్ళిపోయింది. నాగకోటి దగ్గర మేం కలుసుకునేసరికి ఆవిడ పెదాలు నీలంగా ఉన్నాయి, మాట ముద్దగా వస్తోంది. అడిగినదానికి సంబంధం లేని జవాబు చెబుతోంది. దగ్గర్లో ఉన్న ఒక పంజాబీ లంగరులోకి తీసుకెళితే అక్కడి ఆడవాళ్ళు ఒక్క మాట అడగకుండా తడిబట్టలు విప్పి, పొడి కంబళ్ళు రెండు చుట్టి, తమ మధ్య కూర్చోబెట్టుకున్నారు. నా సంచిలో ఉన్న రాత్రి జత థర్మల్స్ ఆవిడకి తొడిగాం. గంటన్నర తర్వాత వదిన గారు "కాస్త టీ ఇప్పిస్తావా అమ్మా" అని అడిగేదాకా మా అన్నయ్య గారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

అందుకని ఒక్క సూత్రం గోడ మీద రాసి పెట్టుకోండి. ప్రాణానికి అవసరమైనవి మీ వీపు మీదే ఉండాలి. గుర్రం మీద వెళ్ళేవాళ్ళైనా సరే, డోలీ ఎక్కినా సరే. ప్రతి మనిషికీ ఒక చిన్న సంచి, నాలుగైదు కిలోలకి మించకుండా. అందులో రెయిన్‌కోటు, స్వెట్టరు, టోపీ, తొడుగులు, ఒక జత పొడి మేజోళ్ళు, నీళ్ళ సీసా, గుప్పెడు తిండి, మీ మందులు, టార్చి లైటు, ఒక ఈల. మిగిలినవన్నీ పెద్ద సంచిలో కట్టి కూలీకో గుర్రానికో ఇవ్వొచ్చు. ఆ కూలీనైనా కంటికి ఆననంత దూరం వెళ్ళనివ్వకండి. అతని కార్డు నంబరు రాసుకోండి.

ఒక కాగితం మీద మీ పేరు, ఊరు, మీతో వచ్చినవారి ఫోను నంబరు, మీకున్న జబ్బులు, వాడే మందులు రాసి, తడవకుండా లోపలి జేబులో పెట్టుకోండి. తప్పిపోయినా, స్పృహ తప్పినా ఆ కాగితమే మాట్లాడుతుంది. హిందీలోనో ఇంగ్లీషులోనో రాయించండి సుమా!

సర్దే వరస

సూట్‌కేసు ఇక్కడ దండగ. భుజాలకి తగిలించుకునే సంచి, నడుముకి బెల్టు ఉన్నది తీసుకోండి. బెల్టు బిగిస్తే బరువు భుజాల మీంచి నడుము మీదికి దిగుతుంది. బిందె చంకనెత్తుకున్న మనకి ఆ సుఖం కొత్తేం కాదు కదూ!

అడుగున రాత్రికి కావలసినవి పెట్టండి. బరువైనవి మధ్యలో, వీపుకి ఆనుకునేలా పెట్టండి. బరువు వెనక్కి వేలాడితే మనిషి వెనక్కి తూలుతుంది. రెయిన్‌కోటు అన్నిటికంటే పైన. వాన వచ్చాక సంచి అంతా తోడి అడుగు నుంచి రెయిన్‌కోటు లాగితే, కోటు చేతికొచ్చేసరికి మిగతావన్నీ తడిసిపోతాయి.

వానకి సంచి కూడా తడుస్తుంది. పైన రెయిన్ కవరు వేసినా, బట్టల్ని లోపల నీళ్ళు దిగని గుడ్డసంచుల్లో విడివిడిగా కట్టండి. జమ్మూ కాశ్మీరులో పాలిథిన్ కవర్లు నిషేధం. మన పాత రెయిన్‌కోటు గుడ్డతో ఇంట్లోనే మిషను మీద అలాంటి సంచులు నాలుగు కుట్టుకోవచ్చు. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కడితే చీకట్లో కూడా ఇట్టే తెలుస్తుంది.

శేషనాగ్, పంచతరణి విడుదుల్లో గుడారాలు, పరుపులు, రజాయిలు అద్దెకి దొరుకుతాయి. అయినా అవి చెమ్మగిల్లి ఉండొచ్చు. తేలికపాటి స్లీపింగ్ బ్యాగు ఉంటే నిశ్చింత. టార్చి బ్యాటరీలు, ఫోను చలికి తొందరగా నీరసిస్తాయి, రాత్రి వాటిని మీతో పాటు రజాయిలో పడుకోబెట్టండి. అన్నట్టు మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు. పోస్టుపెయిడ్ సంగతో, అక్కడిచ్చే సిమ్ సంగతో ముందే కనుక్కోండి.

మన ఆడవాళ్ళకి మాత్రమే

పైన చలికి, ఎత్తుకి నెలసరి ముందే రావచ్చు, ఆలస్యమూ కావచ్చు. తేదీ దూరంగా ఉందని ధైర్యపడకుండా ప్యాడ్లు సరిపడా పెట్టుకోండి. వాడినవి పాత పేపర్లో చుట్టి ఒక మూత సంచిలో వేసుకుని కిందికి తెచ్చి పారేయండి, కొండ మీద పడేయకండి.

ఇంకో మాట. దారిలో మరుగు దొరకదేమోనన్న భయంతో నీళ్ళు తాగడం మానేస్తాం. ఇది మహా పొరపాటు. ఎత్తులో ఊపిరితోనే ఒంట్లో నీరు ఆవిరైపోతుంది. నీళ్ళు తగ్గితే తలనొప్పి, మూత్రంలో మంట రెండూ వస్తాయి. విడుదుల్లో మరుగుదొడ్లు ఉంటాయి. దారిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కలిసి వెళ్ళండి, గొడుగు అడ్డం పెట్టుకోండి, పొడుగు కుర్తా ఉంటే సగం ఇబ్బంది తీరినట్టే.

మొహానికి కోల్డ్ క్రీము, పెదాలకి వ్యాజిలైను, ఎండకి సన్‌స్క్రీను, మంచు తళుకుకి నల్ల కళ్ళద్దాలు షోకు కోసం కాదు. అవి లేకపోతే చర్మం కమిలి ఊడుతుంది, కళ్ళు మండుతాయి.

మందుల డబ్బా

బి.పి., షుగరు మందులు రెండు భాగాలు చేసి రెండు సంచుల్లో పెట్టండి. ఇన్సులిన్ గడ్డ కడితే పనికిరాదు, ఒంటికి దగ్గరగా లోపలి జేబులో ఉంచండి. జ్వరం మాత్రలు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, ప్లాస్టరు, దూది, నొప్పి తైలం చాలు.

మహాగుణాస్ ఎత్తున మనకి అందే ప్రాణవాయువు సముద్ర మట్టం దగ్గర అందేదానిలో దాదాపు 60 శాతమే. తలనొప్పి, వాంతి, కళ్ళు తిరగడం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే ఇంకా పైకి ఎక్కకూడదు. తగ్గకపోతే వెంటనే కిందికి దిగాలి, దారిలోని వైద్య శిబిరంలో చూపించుకోవాలి. ముందుజాగ్రత్తగా వేసుకునే మాత్రలు ఉన్నాయి కానీ డాక్టరు చెప్పనిదే వేసుకోవద్దు. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి ఆయనకి తప్పకుండా చెప్పండి. చాలామంది కర్పూరం పొట్లం కట్టుకుని వాసన చూస్తారు. ముక్కు తేలికైనట్టు అనిపిస్తుంది కానీ కర్పూరం ప్రాణవాయువు ఇవ్వదు. దాన్ని నమ్ముకుని పైకి పోవద్దు.

జేబులో తిండి

మనింట్లో 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్ళు 12 వేల అడుగుల ఎత్తున 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అందుకే అక్కడ పప్పు ఓ పట్టాన ఉడకదు. బియ్యం, పప్పులు మోసుకెళ్ళే పని పెట్టుకోకండి. దారి పొడుగునా లంగర్లలో ఉచితంగా వేడి భోజనం పెడతారు. ఆరోగ్యం కోసం 2023లో పూరీ, సమోసా, దోసె లాంటి నూనె వంటల్ని లంగర్లలో పెట్టకుండా ఆపేశారు. మనం మాత్రం కారప్పొడి, కరివేపాకు పొడి ఒక చిన్న డబ్బాలో తీసుకెళితే ఆ రోటీ, అన్నం ఇష్టంగా దిగుతాయి. ఆవకాయ సీసా వద్దు, పగిలితే సంచంతా నూనె!

నడకలో ఆకలి వేయదు. అయినా గంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలి. ఖర్జూరం, ఎండుద్రాక్ష, పల్లీ చిక్కీ, పేలాలు మంచివి. నేను చేసుకెళ్ళిన ఉండలు ఇవి:

*సొంఠి పల్లీ ఉండలు.* పల్లీలు 2 కప్పులు, నువ్వులు 1 కప్పు, బెల్లం తురుము ఒకటిన్నర కప్పు, సొంఠి పొడి 1 చెంచా, యాలకులు 4. పల్లీలు వేయించి పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచండి. నువ్వులు దోరగా వేయించండి. బెల్లంలో పావు కప్పు నీళ్ళు పోసి ఉండపాకం రానివ్వండి. నీళ్ళలో చుక్క వేస్తే మెత్తని ఉండ కావాలి. అందులో అన్నీ కలిపి, వేడిగా ఉండగానే చేతికి నెయ్యి రాసుకుని చిన్న ఉసిరికాయంత ఉండలు కట్టండి. పాకం ముదిరితే చలికి రాయిలా అయిపోయి పళ్ళు కదులుతాయి, జాగ్రత్త! పదిహేను రోజులు నిలవ ఉంటాయి.

బయలుదేరే ముందు రోజు

సర్దిన సంచి మొత్తం మంచం మీద గుమ్మరించండి. ఒక్కో వస్తువునీ చేతిలోకి తీసుకుని "ఇది లేకపోతే చలికో, వానకో, జబ్బుకో ఇబ్బంది పడతానా?" అని అడగండి. పడతాను అంటే లోపలికి, లేదంటే బీరువాలోకి. రెండో దువ్వెన, మూడో తువ్వాలు, పౌడరు డబ్బా అప్పుడే బయటపడతాయి. తర్వాత సంచి తూచండి. ఇంటిల్లిపాదికీ అదే పరీక్ష పెట్టండి. మావారు, అబ్బాయి తమ సంచి తామే సర్దుకోవాలి, ఏది ఎక్కడుందో వాళ్ళకీ తెలియాలి. ఇన్నేళ్ళూ వాళ్ళకి అన్నీ అందించాం కదా అని అక్కడ కూడా అందించబోతే, వాన మధ్యలో అందరి కోట్ల కోసం వెతుకుతూ మన కోటు వేసుకోవడం మరిచిపోతాం.

ముందు మీ కోటు వేసుకోండి. తర్వాతే పక్కవాళ్ళది చూడండి. ఇది స్వార్థం కాదు, మీరు వెచ్చగా ఉంటేనే ఇంకొకరికి సాయపడగలరు. క్షేమంగా వెళ్ళి, చక్కగా దర్శనం చేసుకుని, అందరూ కలిసి కొండ దిగి రండి.